పొలిమేర రాయి మీద చిల్లర: ఈమ్ గ్రామంలో ఆగస్టు

ఆగస్టు 17, శనివారం: ఇల్లు

తాళంచెవి గోడకు బిగించిన చిన్న ఇనప డబ్బాలో ఉంది. నాలుగంకెలు తిప్పితే మూత తెరుచుకుంది. ఇంటివాళ్ళెవరో, ఎక్కడుంటారో తెలియదు. మా అమ్మాయి ఫోనుకు ఆ అంకెలు పంపారు, అంతే. మా ఆయన లోపలికి అడుగు పెడుతూనే ద్వారబంధానికి నుదురు కొట్టుకున్నారు. ‘తల జాగ్రత్త’ అన్న బోర్డు ఉంది గానీ, లోపలి వైపు ఉంది. బయటికెళ్ళేవాళ్ళకు మాత్రమే హెచ్చరిక అన్నమాట.

ఊరి పేరు ఈమ్. ఇంగ్లండు నడుమ డెర్బీషైర్‌లో, పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో, వెయ్యిమంది లోపే ఉండే పల్లె. షెఫీల్డ్‌లో ఆసుపత్రి ఉద్యోగాలు చేసుకునే మా అమ్మాయికి, అల్లుడికి కారులో పెద్ద దూరం కాదు. వాళ్ళకేమో డ్యూటీలు, పిల్లకేమో బడి సెలవులు. అందుకని మనవరాలిని మా ఇద్దరికీ అప్పజెప్పి, తీరిక దొరికిన రోజున వాళ్ళొచ్చి పోయేట్టు ఏర్పాటు. హన్మకొండలో బయల్దేరేటప్పుడు అందరూ లండన్ చూడండి, స్కాట్లండ్ చూడండి అన్నారు. నాకేమో ఒక పల్లెలో కొన్నాళ్ళు కాపురం పెట్టాలని కోరిక. కొట్టుకెళ్ళి పాలు తెచ్చుకోవాలి, చెత్త బయట పెట్టాలి, పక్కింటివాళ్ళతో గోడ మీంచి మాట్లాడాలి. సర్కారు బడిలో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని. ఇంగ్లండు అనగానే రాజులూ యుద్ధాలే చెప్పాను తప్ప, ఆ దేశంలో బుధవారం పొద్దున ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పలేదు. ఊరిని ఎంచింది మాత్రం మనవరాలు. బడిలో ఈ ఊరి ప్లేగు పాఠం చెప్పారట.

సాయంత్రం ఎనిమిదిన్నర దాకా వెలుగుంది. అందరం కలిసి వీధి చివరిదాకా నడిచాం. బూడిద రంగు రాతి ఇళ్ళు, ప్రతి గుమ్మం ముందూ గులాబీలు. ఒక గేటు పక్కన చెక్కపెట్టెలో గుడ్ల అట్టలు పేర్చి ఉన్నాయి. ఆరు గుడ్లు రెండు పౌండ్లు. పక్కనే మూతకు చీలిక ఉన్న డబ్బా. మనిషి జాడ లేదు. మా ఆయన రెండు నాణేలు అందులో జారవిడిచి, గుడ్లు తీసుకుని, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి డబ్బా ఊపి చూశారు.

“ఏం చూస్తున్నారండీ?”

“ఎంత పోగైందో అని.”

“నీకెందుకు నాన్నా!” అంది అమ్మాయి తెలుగులోనే, కానీ గొంతు బాగా తగ్గించి.

ఆగస్టు 18, ఆదివారం: చర్చి ఆవరణ

సెయింట్ లారెన్స్ చర్చి ఊరి నడిబొడ్డున ఉంది. ఆవరణలో పన్నెండు వందల ఏళ్ళ నాటి రాతి శిలువ, గోడ మీద 1775 నాటి నీడ గడియారం. మా ఆయనకు ఇవేవీ పట్టలేదు. ఆయన హ్యారీ బాగ్‌షా సమాధి దగ్గర నిలబడిపోయారు. డెర్బీషైర్ జట్టుకు ఆడి, తర్వాత అంపైరుగా చేసి, 1927లో పోయినవాడు. సమాధి రాయి మీద పడిపోయిన వికెట్లు, బంతి, వాటి పైన అవుటంటూ లేచిన అంపైరు వేలు చెక్కి ఉన్నాయి. “చావు మీద అప్పీలు లేదన్నమాట” అని మా ఆయన ఒకటే నవ్వు. అక్కడే బెంచీ మీద సాండ్‌విచ్ తింటున్న పెద్దాయన ఆ నవ్వు విని, మేం ఇండియావాళ్ళమని గుర్తుపట్టి, సచిన్‌తో మొదలుపెట్టి లక్ష్మణ్ దాకా వచ్చాడు. హైదరాబాదు బ్యాట్స్‌మన్ పేరు ఒక ఇంగ్లీషాయన నోట వినేసరికి మా ఆయనకు ఆ పూట చాయ్ కూడా అక్కర్లేకపోయింది.

నేనూ మనవరాలూ చర్చి లోపలికెళ్ళాం. ఈ ఊరి కథంతా ప్లేగుతో పోయినవాళ్ళ జాబితా. 1665 సెప్టెంబరులో లండన్ నుంచి ఒక దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చింది. ఆ ఇంట్లో పనిచేసే జార్జ్ వికార్స్, గుడ్డలు తడిగా ఉన్నాయని మంట దగ్గర ఆరేశాడు. వాటిలో లండన్ ప్లేగును మోసుకొచ్చిన గోమార్లు, అంటే రక్తం పీల్చే చిన్న పురుగులు, ఉన్నాయంటారు. 7వ తేదీకి వికార్స్ చనిపోయాడు. అక్కణ్ణుంచి 1666 నవంబరు దాకా పోయినవాళ్ళవి 260 పేర్లు. ఊళ్ళో అప్పుడు మొత్తం ఎందరుండేవారన్నదాని మీద చరిత్రకారులకు ఇప్పటికీ పేచీయే. మూడున్నర వందలన్నవాళ్ళూ ఉన్నారు, దానికి రెట్టింపన్నవాళ్ళూ ఉన్నారు.

1666 జూన్‌లో ఊరు తనకు తానే గిరి గీసుకుంది. ఎవరూ పొలిమేర దాటకూడదు. చర్చికి తాళం, ప్రార్థనలు ఆరుబయట. శవాలకు శ్మశానం లేదు, ఎవరి మనుషుల్ని వాళ్ళే పెరట్లోనో పొలంలోనో పూడ్చుకోవాలి. ఈ మాటకు ఊరిని ఒప్పించింది పాదిరీ విలియం మాంపెసన్. ఆయనకప్పటికి ముప్పై కూడా లేవు, కొత్తగా వచ్చినవాడు, జనానికి నచ్చినవాడు కాదు. నచ్చినవాడు పాత పాదిరీ థామస్ స్టాన్లీ. 1662లో ప్రభుత్వం తెచ్చిన మత చట్టానికి తలొగ్గలేదని పదవి పోగొట్టుకున్న మనిషి. పడని ఇద్దరూ కలిసి చెబితేనే ఊరు విన్నది. ఇప్పుడు బోర్డుల మీద మాంపెసన్ పేరు పెద్దది, స్టాన్లీది చిన్నది. నాకిది నచ్చలేదు. పైగా మాంపెసన్ గిరి గీయకముందే తన పిల్లలిద్దరినీ ఊరు దాటించాడు. పిల్లలు గల ఎవరైనా చేసే పనే అనుకోండి. కానీ బళ్ళూ బంధువులూ లేనివాళ్ళు ఎక్కడికి పంపుతారు?

బయట వరసగా ‘ప్లేగు కుటీరాలు’. ఒక్కో ఇంటి ముందు ఆకుపచ్చ పలక, దాని మీద ఆ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు, తేదీలు. వాటి వెనక కిటికీలో పిల్లి పడుకుంది, లోపల టీవీ నడుస్తోంది. జనం ఆ ఇళ్ళల్లోనే ఉంటున్నారు. ఫొటోలు తీసేవాళ్ళు గేటు దాటరు, లోపలివాళ్ళు తెర వెయ్యరు.

ఆగస్టు 19, సోమవారం: బేక్‌వెల్ సంత

సోమవారం బేక్‌వెల్‌లో సంత. 1330లో రాజు పత్రం ఇచ్చిన నాటి నుంచి నడుస్తున్న సంత. బస్సు ఎంత దూరమెళ్ళినా ఆ ఏడాది, 2024లో, టికెట్టు రెండు పౌండ్లకు మించకూడదని ప్రభుత్వ నియమం ఉండేది. పౌండుకు నూట ఎనిమిది, నూట పది రూపాయలు లెక్కేసుకుంటూ కూర్చుంటే ఈ దేశంలో ఒక్క చాయ్ కూడా గొంతు దిగదని, బస్సు దిగేలోపే ఆ లెక్క మానేద్దామని ఇద్దరం ఒప్పందానికొచ్చాం. మా ఆయన మధ్యాహ్నానికే తప్పారు.

దిగేటప్పుడు ప్రతి ఒక్కరూ డ్రైవరుకు థాంక్స్ చెబుతారు. బడిపిల్లలు, కర్ర పట్టుకున్న ముసలమ్మలు, చెవుల్లో ఇయర్‌ఫోన్లున్న కుర్రాళ్ళు కూడా. మనవరాలు చెప్పి దిగి, మేం చెప్పామో లేదో అని వెనక్కి తిరిగి చూసింది.

గుడ్డల దుకాణాలు, చీజు దుకాణాలు చుట్టేసి, వంతెన దాటి పశువుల వేలానికి వెళ్ళాం. నాకు యాత్ర మొత్తంలో బాగా నచ్చిన చోట్లలో ఇదొకటి. ఇనప కటకటాల మధ్య గొర్రెలు, పైన చుట్టూ మెట్ల మీద రైతులు. వేలంపాట వేసేవాడు ఊపిరి తీసుకోకుండా అంకెలు వల్లిస్తాడు. కొనేవాళ్ళు నోరు విప్పరు. ఒకాయన కనుబొమ్మ ఎగరేశాడు, అంతే, పది గొర్రెలు ఆయనవైపోయాయి. మా ఆయన ముక్కు దురద పెట్టినా చెయ్యెత్తలేదు. పక్కన నిలబడ్డ రైతు మమ్మల్ని చూసి, మీ దగ్గర గొర్రె ఎంత అని అడిగాడు. పెద్ద పొట్టేలు పదిహేను వేలు పైమాటే అని, దాన్ని పౌండ్లలోకి మార్చి చెప్పారు మా ఆయన. రైతు ఒక్క క్షణం లోపల లెక్క చూసుకుని, “అయితే నేనే మీ ఊరు రావాలి” అన్నాడు.

బేక్‌వెల్ పుడ్డింగ్ తిన్నాం. పొరల పిండి గిన్నె, అడుగున జామ్, పైన గుడ్డూ బాదంపొడీ వెన్నా కలిపి కాల్చిన మెత్తటి గుజ్జు. వంటమనిషికి అప్పజెప్పిన పని తారుమారై పుట్టిన మిఠాయి అని ప్రతి దుకాణం కథ చెబుతుంది, అసలు వంటకం మా దగ్గరే ఉందని కూడా ప్రతి దుకాణం చెబుతుంది. వేడిగా ఉన్నప్పుడు రెండు చెంచాలు అమృతం. మూడో చెంచాకు తీపి ముఖం కొడుతుంది. కారప్పూస ఉంటే బాగుండును అనిపించింది.

ఆగస్టు 21, బుధవారం: చెత్తబుట్ట

రెండు రోజులుగా తుంపర. కొట్టుకెళ్ళి ఓట్‌కేకులు తెచ్చాను. పేరుకే కేకులు. ఓట్స్ పిండి పులియబెట్టి పెనం మీద పోసే పల్చటి రొట్టెలు, తీపి లేదు. ఇక్కడివాళ్ళు బేకన్‌తో, చీజుతో తింటారు. నేను వాటిని కాస్త నూనె వేసి కాల్చి, అమ్మాయి సీసాలో పెట్టిచ్చిన అల్లప్పచ్చడితో పెట్టాను. మా ఆయన లెక్కపెట్టకుండా తిన్నారు.

ఇంటి అల్మరాలో నారింజ రంగు చీటీ ఉన్న సీసా ఒకటి దొరికింది, హెండర్సన్స్ రెలిష్. 1885 నుంచి షెఫీల్డ్‌లో చేస్తున్న సాసు. చీటీ చదివితే అందులో చింతపండు! లవంగం, వెల్లుల్లి, మిరప కూడా ఉన్నాయి. చేప కలవదు కాబట్టి శాకాహారులూ వాడొచ్చు. మూత తీసి వాసన చూసి అల్లుడికి ఫోన్ చేశాను. “అవునత్తయ్యా, ఇక్కడ అందరిళ్ళలో ఉంటుంది. నేను పప్పులో కూడా వేస్తా, అమ్మాయికి చెప్పకండి” అన్నాడు.

మధ్యాహ్నం తలుపు కింద ఒక చీటీ కనిపించింది. ముత్యాల్లాంటి దస్తూరీ. ‘మీకు ఇక్కడ హాయిగా ఉందని తలుస్తాను. మీకు ఇబ్బంది కలిగించాలని కాదు. కానీ బహుశా మీకు తెలిసే ఉంటుంది, గురువారం పొద్దున ఈ వీధిలో ఒకే రంగు చెత్తబుట్ట తీసుకెళతారు. పనికొస్తుందేమోనని రాశాను.’ కింద పక్కింటి నంబరు. మా చెత్తబుట్ట, అంటే ఇంటివాళ్ళు పెట్టిన బుట్ట, వేరే రంగుది వీధిలో నిలబడి ఉంది. మన దగ్గరైతే పక్కింటామె కిటికీలోంచే “వదినా, ఆ బుట్ట ఇవాళ కాదు” అని అరిచేది, అరనిమిషంలో పని అయిపోయేది. ఈవిడ కాగితం తీసి, పెన్ను వెతికి, మా మనసు నొచ్చుకోకుండా నాలుగు వాక్యాలు కూర్చి, తడుస్తూ వచ్చి పెట్టిపోయింది. బెల్లు కొట్టలేదు.

నేను బుట్ట మార్చి, చిన్న గిన్నెలో అల్లప్పచ్చడి తీసుకుని వెళ్ళి బెల్లు కొట్టాను. తలుపు తీసిన ఆవిడకు ఎనభై దాటి ఉంటాయి. “అయ్యో, అంత అవసరం లేదు, అంత అవసరం లేదు” అని మూడుసార్లు అని, గిన్నె పుచ్చుకుని, లోపలికి రమ్మంది. చాయ్ పెట్టింది. పాలు ముందా తర్వాతా అని అడిగింది. రెండూ కలిపి మరిగించాలి అంటే ఏమనుకుంటుందోనని తర్వాత అన్నాను.

ఆగస్టు 22, గురువారం: పొలిమేర రాయి

అమ్మాయికి సెలవు దొరికింది. అందరం కలిసి పొలాల మీదుగా పక్క ఊరు స్టోనీ మిడిల్‌టన్‌కు నడిచాం. ఈ దేశంలో ఒకరి పొలంలోంచి నడిచిపోయే హక్కు అందరికీ ఉంటుంది, ఆ కాలిబాట మ్యాపులో అందరి దారిగా గుర్తించి ఉంటే చాలు. రైతు దారి ఆపలేడు, మనం దారి తప్పి తొక్కకూడదు, గేటు తీస్తే వెయ్యాలి. సున్నపురాయి గోడల మధ్య ఒక మనిషి మాత్రం ఒరుసుకుని పట్టే సందులు వదిలారు, గొర్రె దూరకుండా. మా ఆయన ఒక సందు దగ్గర ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. “పుడ్డింగ్” అంది మనవరాలు.

ఆ గోడలకు సున్నం గానీ సిమెంటు గానీ లేదు. రెండు వరసల రాళ్ళు, మధ్యలో చిన్న రాళ్ళ నింపు, అక్కడక్కడా రెండు వరసల్నీ పట్టి ఉంచే అడ్డరాయి, పైన నిలువుగా పేర్చిన టోపీ రాళ్ళు. కట్టి వందల ఏళ్ళయినవి కూడా నిలబడే ఉన్నాయి.

సగం దారిలో బాణం గుర్తున్న కొయ్య ఒకటి నేలకొరిగి ఉంది. ఎటు చూపిస్తోందో ఎవరికీ తెలియలేదు. ఎడమకు తిరిగాం. అది ఒక ఆవుల మందలోకి దారి తీసింది. లేగదూడలున్న ఆవులు ఇటు తలలెత్తి చూస్తుంటే ఊళ్ళో ఆవుల్ని అదిలించిన మా ఆయనే, “వద్దు, ఇవి మనవి కావు, వీటికి తెలుగు రాదు” అని వెనక్కి తిప్పారు.

రాయి కనిపించేదాకా ఇంత చిన్నదనుకోలేదు. పొలంలో గడ్డి మధ్య మోకాలెత్తు లేని బండ, పైన ఆరు గుంతలు. 1666లో పక్క ఊళ్ళవాళ్ళు తిండీ మందులూ తెచ్చి ఇక్కడ పెట్టేవారు. ఈమ్ జనం ఈ గుంతల్లో వెనిగర్ పోసి, డబ్బులు అందులో వేసి పోయేవారు, జబ్బు అంటుకోకుండా. ఊరికి ఉత్తరాన కొండ మీద మాంపెసన్ బావి దగ్గరా ఇదే పద్ధతి, అక్కడ పారే నీటిలో నాణేలు. చాట్స్‌వర్త్ భవనం నుంచి డెవన్‌షైర్ ప్రభువు కూడా సరుకులు పంపాడు. ఇచ్చేవాడు పుచ్చుకునేవాణ్ణి చూడడు. సరుకు తూకం తగ్గిందనో, నాణెం తక్కువైందనో పోట్లాడుకునే వీలే లేదు. ఆ నెలల్లో ఎవరూ మోసం చెయ్యలేదా? చేసే ఉంటారు, మనుషులేగా. కానీ బేరం ఆగలేదు.

గుంతల్లో ఇప్పుడూ చిల్లర ఉంది, వచ్చినవాళ్ళు వేసినవి. మనవరాలు ఒక పెన్నీ వేసింది. మా ఆయన జేబు తడుముకుని రూపాయి బిళ్ళ తీసి వేశారు.

నాకు 2020 మార్చి గుర్తొచ్చింది. లాక్‌డౌన్ చెప్పిన వారంలోనే మా మేనత్త ఊళ్ళో రోడ్డుకు అడ్డంగా ముళ్ళకంపలు వేశారు. హైదరాబాదు నుంచి సొంత కొడుకు నడిచొస్తే కూడా ఊరి బయట బడిలో ఉంచారు. తప్పని అనను, అప్పటి భయం అలాంటిది. ఆ కంచె బయటివాళ్ళు లోపలికి రాకుండా. ఈ రాయి లోపలివాళ్ళు బయటికి పోకుండా. ఆ తేడా గురించి అమ్మాయితో అంటే, అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. 2020లో షెఫీల్డ్‌లో కోవిడ్ వార్డులో చేసింది. మూడు నెలలు పిల్లను అల్లుడికి వదిలి వేరే గదిలో పడుకుంది, భోజనం పళ్ళెం గుమ్మం ముందు పెట్టించుకునేది.

స్టోనీ మిడిల్‌టన్‌లో ఒక కొండచరియ ఉంది. 1762లో హన్నా బాడెలీ అనే అమ్మాయి ప్రేమ విఫలమై అక్కణ్ణుంచి దూకిందట. గాలికి లంగాలు ఉబ్బి, పొదల్లో చిక్కుకుని బతికింది. అదే ఊళ్ళో ఎనిమిది పలకల బుల్లి ఇల్లు, ఒకప్పటి టోల్ గేటు, ఇప్పుడు చేపల వేపుడు దుకాణం. అరచెయ్యి పొడవు చేప, గుప్పెళ్ళకొద్దీ ఆలుగడ్డ ముక్కలు, పైన ఉప్పు. “వెనిగర్ కావాలా?” అని అడిగితే మనవరాలు పెద్దగా, “అది డబ్బుల కోసం!” అంది. దుకాణంవాడు విరగబడి నవ్వాడు. ఆ మాట వినడం వాడికి మొదటిసారి కాదేమో గానీ, తెలియనివ్వలేదు.

ఆగస్టు 23, శుక్రవారం: పూల పలక

తెల్లవారుజామున లిలియన్ తుఫాను. కిటికీ రెక్కలు దడదడ. పొద్దున లేచేసరికి వీధిలో పూలకుండీలు దొర్లి ఉన్నాయి. ఎవరివి ఎవరు ఎత్తి పెట్టారో తెలియదు, పదిగంటలకల్లా అన్నీ గోడల పక్కన నిలబడి ఉన్నాయి.

పక్కింటావిడ మమ్మల్ని ఊరివాళ్ళు పని చేసుకుంటున్న షెడ్డుకు తీసుకెళ్ళింది. డెర్బీషైర్ ఊళ్ళల్లో ఏడాదికోసారి బావులకు, ఊటలకు పూల అలంకారం చేస్తారు. ఒక్కో ఊరిది ఒక్కో వారం, ఈమ్‌ది ఆగస్టు చివర. టిసింగ్టన్ అనే ఊరు, 1349లో నల్లచావు అనే మహా ప్లేగు తమ ఊటల పుణ్యాన తమను తాకలేదని, ఈ ఆచారం అప్పుడే మొదలైందని చెప్పుకుంటుంది.

పెద్ద చెక్కపలకను నీళ్ళలో నానబెడతారు. ఉప్పు కలిపి తొక్కిన బంకమట్టిని దాని మీద పరుస్తారు. ఉప్పు మట్టిని ఎండనివ్వదు. కాగితం మీద గీసిన బొమ్మను మట్టి మీద పరిచి గీతల వెంట సూదితో పొడుస్తారు. ఆ చుక్కల మీద చిన్న నల్ల కాయలు, కాఫీ గింజలు వరసగా గుచ్చితే బొమ్మకు అంచు ఏర్పడుతుంది. తర్వాత లోపల రేకులు, ఆకులు, నాచు, గింజలు. ప్లాస్టిక్ పనికిరాదు, మట్టిలో పుట్టిందే వాడాలి. రేకులు కింద నుంచి పైకి, ఒకదాని మీద ఒకటి వాలేట్టు అద్దుతారు, వాన నీళ్ళు జారిపోవాలి కాబట్టి.

బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు పూల మొదళ్ళు కత్తిరించి వరస కట్టే మా అత్తగారి చేతులే ఇక్కడ ఇంకో రంగులో కనబడ్డాయి. అదే వంగిన నడుము, అదే మాటల్లో పడి చేతులు ఆగకపోవడం, పక్కదాని వరస వంకరైందని అదే సణుగుడు. పూలు చివరకు నీటి దగ్గరికే. నాకు ఒక మూల ఇచ్చారు, హైడ్రేంజియా నీలి రేకులతో ఆకాశం నింపమని. పొద్దు వాలేదాకా చేస్తే అరచేతి వెడల్పు ఆకాశం అయింది. ఒకామె వచ్చి చూసి “అంత చెడ్డగా లేదు” అంది. నేను చిన్నబుచ్చుకున్నాను. పక్కింటావిడ చెవిలో, “అది చాలా పెద్ద మెప్పు” అంది.

ఫోన్లో మా అల్లుడికి చెబితే, పని చేసే చోట తన బాసు ఆరేళ్ళుగా అదే మాట అంటున్నాడని, తాను ఇన్నాళ్ళూ ఇంకోలా అనుకున్నానని అన్నాడు.

ఆగస్టు 25, ఆదివారం: లోయలో ప్రార్థన

ఏటా ఆగస్టు ఆఖరి ఆదివారం ఈ ఊళ్ళో ప్లేగు ఆదివారం. ఈసారి 25నే వచ్చింది. మాంపెసన్ భార్య క్యాథరిన్ పోయింది కూడా 1666 ఆగస్టు 25న. పిల్లలతో వెళ్ళిపొమ్మంటే భర్తను వదలనని ఉండిపోయిన మనిషి. ఆమె సమాధి మీద పూలమాల ఉంచారు.

చర్చి దగ్గర్నుంచి కక్‌లెట్ డెల్ఫ్ అనే గడ్డి లోయకు అందరం నడిచాం. చర్చి మూసేశాక ప్రార్థనలు జరిగిన చోటు ఇదే. ఎవరి కుటుంబం వాళ్ళు విడిగా, మధ్యలో ఎడం పాటించి నిలబడేవారట. పక్క ఊరి కుర్రాడు రోలాండ్, ఈమ్ పిల్ల ఎమ్మట్, ఒకరికొకరు నిశ్చయమైనవాళ్ళు, ఈ లోయకు అటూ ఇటూ నిలబడి చూసుకునేవారని ఊరి కథ. వసంతంలో ఒకనాటి నుంచి ఆ పిల్ల రాలేదు.

జనం మడత కుర్చీలు, దుప్పట్లు, కుక్కలు, ఫ్లాస్కులతో వచ్చారు. బ్యాండు వాయించారు, పాదిరీ మాట్లాడాడు, పాట పాడారు. నాకు క్రైస్తవ ప్రార్థనలు తెలియవు, లేచినప్పుడు లేచాను, కూర్చున్నప్పుడు కూర్చున్నాను. నా ముందున్నావిడ తన పాటల కాగితం నా వైపు కాస్త జరిపి పట్టుకుంది, తల తిప్పకుండానే.

ప్రార్థన అయ్యాక పబ్బులో రోస్ట్ భోజనానికి వెళ్ళాం. ఒక్కో పళ్ళెం పంతొమ్మిది పౌండ్లు. గ్రేవీలో నానిన యార్క్‌షైర్ పుడ్డింగ్ నాకు బాగా నచ్చింది. పేరులో పుడ్డింగున్నా తీపి కాదు. మా ఆయనకు గింజల రొట్టె ముక్క తెచ్చారు, దాని మీద ఆయన అభిప్రాయం రాయను. మనం బల్ల దగ్గర కూర్చుని పిలిస్తే ఎవరూ రారు. కౌంటరు దగ్గర నిలబడాలి, కానీ వరసలా నిలబడకూడదు. అయినా ఎవరి తర్వాత ఎవరో అక్కడున్న అందరికీ తెలుసు. పనివాడు తప్పుగా నన్ను ముందడిగితే పక్కనున్నాయన ముందుగా వచ్చాడని నేనే చెప్పాను. ఆయన తన గ్లాసు ఎత్తి చూపించాడు.

ఆగస్టు 27, మంగళవారం: రైలీ సమాధులు

సందడి తగ్గాక మనవరాలితో తూర్పు వైపు కొండ ఎక్కాను. పొలంలో చిన్న రాతిగోడ చుట్టు, లోపల ఏడు సమాధుల గుర్తులు. ఎలిజబెత్ హాన్‌కాక్, 1666 ఆగస్టు 3 నుంచి 10 లోపు భర్తనూ ఆరుగురు పిల్లల్నీ ఇక్కడ తన చేతులతో పూడ్చింది. తాను బతికింది. మనవరాలు రాళ్ళ మీది పేర్లు చదివి, “ఆమెకు ఎవరైనా అన్నం పెట్టారా అమ్మమ్మా?” అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. రాయి దగ్గర పెట్టి ఉంటారు అన్నాను.

తిరిగొచ్చే దారిలో గుడ్లు కొందామంటే నా దగ్గర పది పౌండ్ల నోటే ఉంది. గేటు దగ్గర నిలబడి ఆలోచిస్తుంటే, పెట్టె లోపల గాజుసీసాలో చిల్లర, ‘మిగిలింది మీరే తీసుకోండి’ అన్న చీటీ కనిపించాయి. నోటు వేసి, ఎనిమిది పౌండ్లు బల్ల మీద పేర్చి, మనవరాలితో రెండుసార్లు లెక్కపెట్టించి తీసుకున్నాను.

ఆగస్టు 30, శుక్రవారం: పక్కిల్లు

పచ్చడి గిన్నె కడిగి, అందులో రేగుపండ్ల జామ్ వేసి తెచ్చింది పక్కింటావిడ. మన రేగు కాదు, ముదురు ఊదారంగు పెద్ద పండ్లు, పుల్లగా ఉంటాయి. పచ్చడి ఎలా ఉందని అడిగితే “చాలా ఆసక్తికరంగా ఉంది” అంది. షెడ్డులో నేర్చుకున్నది పనికొచ్చింది. అది మెప్పు కాదని అర్థమై, ఇక పెట్టలేదు.

మేమున్న ఇంట్లో ఆవిడ స్నేహితురాలు నలభై ఏళ్ళు ఉందట. ఆమె పోయాక పిల్లలు అమ్మేశారు, కొన్నవాళ్ళు సెలవులకు అద్దెకిస్తున్నారు. వారానికి తొమ్మిది వందల పౌండ్లు. మా అమ్మాయి చెప్పకుండా దాచినా, కాగితం టేబులు మీదే ఉంది. వీధిలో ఇలాంటివి ఇంకేవో వేలు పెట్టి చూపించింది. చలికాలంలో ఆ కిటికీల్లో దీపం ఉండదట. షెడ్డులో పూలు అద్దేవాళ్ళలో యాభై లోపువాళ్ళు ఎందరున్నారో చూశావా అని అడిగింది. చూశాను. వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

“మీరు మంచి పొరుగువాళ్ళు. మీ గురించి కాదు అంటున్నది” అని చప్పున సర్దుకుంది.

మా గురించే. అలాగని ఆవిడ అబద్ధమాడలేదు కూడా.

ఆగస్టు 31, శనివారం

పది గంటలకల్లా ఇల్లు ఖాళీ చెయ్యాలి. సరైన రంగు బుట్ట కనుక్కుని సరైన చోట పెట్టాం. అమ్మాయి సామాను కారులో సర్దుతుంటే శుభ్రం చేసే ఇద్దరు వచ్చారు, తల్లీ కూతుళ్ళు. ఈ ఊరివాళ్ళేనా అని అడిగాను. కాదు, చెస్టర్‌ఫీల్డ్ నుంచి వస్తారట, ఇక్కడ అద్దెలు కట్టలేక. నాలుగింటికి మా తర్వాతి కుటుంబం దిగుతుంది, ఈలోగా ఇదే ఊళ్ళో మూడిళ్ళు కడగాలి అని చెబుతూనే కూతురు మెట్లెక్కి, పైగదిలో దుప్పట్లు లాగెయ్యడం మొదలుపెట్టింది.